ఆఖరి కుర్రాడి దాకా

అది 1917 ఆగస్టు. ఇంగ్లండు ఉత్తరాన ఓ నేతమిల్లుల ఊరు. రొట్టె దుకాణం ముందు వరుసలో ఇరవైమంది ఆడవాళ్లున్నా థిర్జా హోల్గేట్‌ను పలకరించినవాళ్లు లేరు.

థిర్జా మిల్లులో నాలుగు మగ్గాలు నడుపుతుంది. యుద్ధానికి ముందు ఆడవాళ్లకు ఓటు కావాలని గడపగడపకూ తిరిగి సంతకాలు పెట్టించింది. అప్పట్లో నవ్వి ఊరుకున్నవాళ్లు, ఇప్పుడు ప్రభుత్వం శత్రువుతో సంధి చేసుకోవాలంటూ ఊరేగింపు తీస్తాననేసరికి పళ్లు నూరుతున్నారు. ఆమె కొడుకు క్లెమ్ ఫ్రాన్సులో కందకాల్లో ఉన్నాడు. ఉత్తరం వచ్చి ఇరవై రెండు రోజులైంది.

"కన్నకొడుకు అక్కడ చావుతో పోరాడుతుంటే శత్రువుకు వత్తాసా? సిగ్గులేదూ?" అంది వెనకనుంచి నాన్సీ ఆర్మరాడ్.

నాన్సీ పక్కింటి మనిషి. పెద్దకొడుకు అమోస్ మొన్న వసంతంలో యుద్ధంలో పోయాడు. రెండోవాడు సిరిల్‌కు వచ్చేనెలలో పద్దెనిమిది నిండుతాయి. సైన్యంలో చేరి తీరాలని కాగితం వస్తుంది.

శనివారం అరవైమంది ఆడవాళ్లు జెండా పట్టుకుని బయల్దేరారు. వీధికి రెండువైపులా వేలమంది. మొదట తిట్లు, తర్వాత బురద, ఆ తర్వాత బొగ్గు కాలగా మిగిలిన చిట్టెం పెళ్లలు. తను చేస్తున్నది క్లెమ్‌కే చేటవుతుందేమోనని థిర్జాకు భయంగానే ఉంది. ఇంతలో చిట్టెం పెళ్ల నుదుటికి తగిలి రక్తం కారింది.

గుంపులో నాన్సీ కూడా ఉంది. ఆమె ఎత్తిన గుప్పిట్లో మట్టిగడ్డ.

"వెయ్యి నాన్సీ, అమోస్ పేరు చెప్పి వెయ్యి!" అన్నారెవరో.

అప్పుడే మెట్లమీద నిలబడ్డ ఓ పెద్దమనిషి టోపీ ఊపుతూ అరిచాడు: "సంధా? ఆఖరి కుర్రాడి దాకా పంపిస్తాం!"

జనం చప్పట్లు కొట్టారు. నాన్సీ చెయ్యి దిగిపోయింది.

"ఎవరి కుర్రాణ్ణయ్యా?" అని అడిగింది. ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. మట్టిగడ్డ జారవిడిచి, జనాన్ని తోసుకుంటూ వెళ్లి, థిర్జా చేతిలోంచి వాలిపోతున్న జెండాకర్ర అందుకుంది.

"నీకు మతిపోయిందా అక్కా? నిన్నూ కొడతారు!" అంది థిర్జా.

"కొట్టనీ. అమోస్‌ని తీసుకెళ్లినప్పుడు నన్నెవరూ అడగలేదు. రేపు సిరిల్ విషయంలోనూ అడగరు. నువ్వు ఓటు ఓటని తిరుగుతుంటే, పనిలేక తిరుగుతోందనుకున్నానే థిర్జా! నాకూ ఓటుండి, నా మాటకు విలువుంటే నా బిడ్డ మిగిలేవాడేమో."

బురద పడుతూనే ఉంది. ఇద్దరూ నడుస్తూనే ఉన్నారు.

నేనూ ఆ ఊరివాణ్ణే, అందుకే చెబుతున్నాను: తల్లిని అడగకుండా బిడ్డను తీసుకుపోయి, దానికి త్యాగమని పేరుపెట్టే హక్కు ఏ దేశానికీ లేదు.