అక్క మళ్ళించిన దారి

తమ్ముణ్ణి వెనకేసుకురావడంలో ఆవిడను మించినవాళ్ళు లేరు. ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ రాసే తన ఆఫీసులో వాడికి ఉద్యోగం ఇప్పించిందే ఆవిడ. చేరిన రెండో నెలలో వాడు పిల్లల బరువును బట్టి మందు మోతాదు లెక్కకట్టే ఫైలు రాశాడు. పది కిలోల లోపు పిల్లలకు అది రెట్టింపు చూపిస్తోందని, ఇంకా ఆసుపత్రులకు పంపకముందే, ఆవిడ ఒక్కతే కనిపెట్టింది.

వాడి ఫైలు దిద్దితే ఎవరు దిద్దారో, ఎందుకు దిద్దారో అందరికీ కనబడుతుంది. వాడేమో ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాడు. అందుకని గుట్టుచప్పుడు కాకుండా ఇంకో పని చేసింది. విడివిడి ఫైళ్ళన్నిటినీ ఒక్క మూట కట్టేది బండ్లర్ అనే ప్రోగ్రాము. ఏ ఫైలు ఎక్కణ్ణుంచి తేవాలో దానికి మనమే చెప్పుకోవచ్చు. దాని సెట్టింగుల్లో ఆవిడ ఒక్క లైను చేర్చింది: మోతాదు ఫైలు ఎవరడిగినా తమ్ముడిది ముట్టుకోకు, నేను రాసింది పట్టుకురా. ఆ సెట్టింగుల జోలికి ఆవిడ తప్ప ఇంకెవరూ పోరు.

మూడేళ్ళు గడిచాయి. ఒక్క తప్పూ రాని ఫైలు రాసిన ఘనుడని వాడికి పేరొచ్చింది. ఆ పేరు మీదే టీమ్ లీడ్ అయ్యాడు, అక్కకు పైన. ఆవిడ మురిసిపోయింది. పిచ్చి మొహం, నిజంగానే మురిసిపోయింది!

లీడైన వారానికే వాడు సెట్టింగులు శుభ్రం చెయ్యడానికి కూర్చున్నాడు. "ఏంటక్కా ఈ లైను? నా ఫైలుండగా ఇంకెటో పోతోందేంటి? తీసేస్తున్నా."

ఊరుకుంటే పసిపిల్లల నోట్లోకి రెట్టింపు మందు పోతుంది.

"తియ్యకురా," అంది. తలుపు దగ్గరికి వేసి అంతా చెప్పింది. "నీ ఫైలు ఒక్కరోజు కూడా నడవలేదు."

వాడు నమ్మలేదు. ఎనిమిది కిలోల బరువు వేసి తన ఫైలును విడిగా నడిపి చూశాడు. ముఖం మాడిపోయింది. "మూడేళ్ళు నన్ను వెధవను చేశావన్నమాట," అన్నాడు. ఆవిడ రాసిందంతా తన ఫైల్లోకి ఎక్కించుకుని, ఆ లైనునూ ఆవిడ ఫైలునూ చెరిపేశాడు. "సరిపోయిందా?"

ఆవిడ కూర్చుని ప్రతి మోతాదూ మళ్ళీ సరిచూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

నెలాఖరున మేనేజరు పిలిచి, ఆవిడ మీద లీడ్ రాసిన పనితీరు నివేదిక చేతికిచ్చి, చదివి సంతకం పెట్టమన్నాడు. 'టీమ్‌కు చెప్పకుండా ఫైళ్ళ దారి మళ్ళిస్తుంది. కీలకమైన పనులు అప్పగించడం మంచిది కాదు.' కింద తమ్ముడి సంతకం.

"ఎందుకు మళ్ళించారమ్మా?" అన్నాడు మేనేజరు.

ఒక్క మాట చెబితే చాలు, వాడి కుర్చీ ఊడిపోతుంది. గది అద్దం అవతల వాడు తలెత్తకుండా ఏదో టైపు చేసుకుంటున్నాడు.

"ఏదో తెలీక చేశానండీ," అని ఆవిడ కలం తీసుకుంది.