కారణం అనే గడి

"కూర్చుని చేసే ఉద్యోగమేగా, నడుం నొప్పేమిటే నీకు?" అంది అత్తగారు, నేను టిఫిన్ డబ్బాలు సర్దుతుంటే. మా ఆయన పేపరు దించకుండానే నవ్వారు. పద్దెనిమిదేళ్లుగా వింటున్న మాటే. మూతలు బిగించి బస్సెక్కాను.

నేను ఆడపిల్లల బడిలో గుమాస్తాను. చదివిందీ ఆ బడిలోనే. పదో తరగతి మధ్యలో ఆగిపోయి, పెళ్లయ్యాక పరీక్షలు కట్టి, మళ్లీ ఆ గుమ్మంలోకే ఉద్యోగిగా వచ్చాను.

పాత రిజిస్టర్లను బయటివాళ్లు టైపు చేసి ఇచ్చారు. ఏడాదికో ఫైలు చొప్పున నలభై ఫైళ్లు. వాటిని పై ఆఫీసు డేటాబేస్‌లోకి ఎక్కించడం నా వంతు. తెర మీద రెండు పద్ధతులున్నాయి. అన్నీ కలిపి ఒకేసారి అప్‌లోడ్ చేస్తే గంటలో అయిపోతుంది. కానీ 'బడి మానడానికి కారణం' అనే గడి వాళ్ల నమూనాలో లేదు కాబట్టి అది రాలిపోతుంది. ఒక్కో ఏడాదే పంపుతూ, ఆ గడిని 'ఇతర వివరాలు'లోకి మళ్లించడం రెండో పద్ధతి. దానికి రోజులు పడతాయి.

"ఒకేసారి తోసెయ్యండమ్మా," అన్నారు హెడ్మాస్టరు గారు. "ఎప్పుడో మానేసిన పిల్లల గొడవ ఇప్పుడెవరిక్కావాలి?"

ఆయన వెళ్లాక మొదటి ఫైలు తెరిచాను. ఊరికే చూద్దామనే. ఆ గడి నింపింది మా రోజుల్లోని గుమాస్తమ్మ. వేళ్లకెప్పుడూ నీలం సిరా, జడలో ఒక పెన్సిలు. 'కుటుంబ కారణాలు' అని రాసేస్తే సరిపోయేది. ఆవిడ మాత్రం పిల్లని కిటికీ దగ్గరికి పిలిచి, భుజం మీద చెయ్యేసి, "నువ్వు చెప్పు తల్లీ" అనేది. చెప్పింది చెప్పినట్టు రాసేది. 'తమ్ముణ్ణి ఎత్తుకోవాలట.' 'అక్క చనిపోయింది, బావకే ఇస్తున్నారు.' మా బెంచీలో పొడుగుపిల్ల ఉండేది. పరుగులో ఎవరికీ అందేది కాదు, లెక్కలన్నీ నోటితోనే చేసేది. ఒక్కో ఫైలూ తెరుస్తూ పోతే, దాని వరుస పదో ఫైల్లో కనిపించింది: 'బాగా చదువుతోందని మాన్పించారు.' దాని నవ్వు వినిపించినట్టయి, కాసేపు తెర మసకబారింది.

దాని కిందే నా వరుస.

బడి మానిన రోజు నాన్న నా పక్కనే నిలబడ్డారు. "నాకే చదవాలని లేదండీ" అన్నాను. అలాగే చెప్పాలని దారిపొడుగునా నేర్పారు. ఇన్నేళ్లూ నా అబద్ధం అక్కడ అలాగే పడి ఉంటుందనుకున్నాను. రిజిస్టరు తీసి చూసే ధైర్యం ఎప్పుడూ చెయ్యలేదు. ఆవిడ ఇలా రాసింది: 'చదవాలని లేదంది. ఏడుస్తూ అంది.'

ఆవిడ చూసింది. ఒక్క మనిషి చూసింది.

రెండో పద్ధతి ఎంచుకున్నాను. సాయంత్రానికి పది ఫైళ్లు వెళ్లాయి, ఒక్క మాటా రాలిపోకుండా. హెడ్మాస్టరు గారు వచ్చి, "ఇంకా అవలేదా?" అన్నారు. "అవలేదండీ. ఆ గడి వదలను," అన్నాను. ఆయన తాళంచెవులు నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

అప్పుడే మా ఆయన ఫోన్. "ఆరు దాటింది. ఇంటికి రావా? ఇంకెంతసేపు?"

"ఇంకా ముప్పై ఏళ్లున్నాయండీ," అన్నాను. "మీరు తినేయండి."