ర్యాక్ ఎక్కితే మూగబోయే సెన్సర్లు

బల్ల మీద పెడితే బుద్ధిగా మాట్లాడతాయి. ర్యాక్ ఎక్కిస్తే నోరు మూసుకుంటాయి. ఎన్ని వారాలుగానో మా సెన్సర్లతో ఇదే తంతు. నాకు పిచ్చెక్కడం ఒక్కటే తక్కువ.

చూస్తే అదేమంత పెద్ద వస్తువు కాదు. బొటనవేలంత బోర్డు, దాని వీపున బిళ్ళ బ్యాటరీ. మా దేశంలోనే దక్షిణాన ఉన్న తైనాన్ ఊళ్ళో ఆర్కిడ్ పూలు పెంచే ఒకాయన అడిగాడని చేస్తున్నాం. పూల షెడ్డులో వేడెంత, తేమెంత అన్నది రేడియో తరంగాల్లో రిసీవర్ పెట్టెకు చెప్పేసి మళ్ళీ పడుకోవాలి. నిద్ర ఎక్కువ, మాట తక్కువ. కాబట్టి బ్యాటరీ ఏళ్ళ తరబడి రావాలి. మా దగ్గర వారం తిరక్కుండానే చస్తోంది. తన మాట అందలేదని అది మళ్ళీ మళ్ళీ అరుస్తుంది, అరిచి అరిచి ఛార్జి అంతా తాగేస్తుంది. ఎందుకు అందడం లేదంటే మాత్రం ఎవరి దగ్గరా సమాధానం లేదు.

ఆ బోర్డు గీసింది బి-యున్ అక్క. యాంటెన్నాతో సహా ప్రతి గీతా ఆమెదే. నాలుగేళ్ళ కష్టం. దాన్ని పరీక్షించడం నా పని. మా ఇద్దరి నెత్తిన మేనేజర్ చ్వాంగ్. ఆ రోజు పొద్దున్నే ఆయన వచ్చి ర్యాక్ ముందు నిలబడ్డాడు.

"సాయంత్రం తైనాన్‌కి ఫోన్ చేస్తా. ఆలోగా ఇవి పలికితే మన బోర్డే పంపుదాం. పలక్కపోతే బయట రెడీమేడ్‌వి కొనేసి మన పేరు అంటించి పంపేస్తా. తర్వాత ఈ బోర్డు ఊసు ఎవరూ ఎత్తొద్దు. సరేనా బి-యున్?"

"సరే సార్," అంది అక్క. ఆయన వెళ్ళాక టీ కప్పు పక్కన పెట్టేసి మళ్ళీ ర్యాక్ దగ్గరికి నడిచింది.

మేం అనుమానించనిది లేదు. ర్యాక్ ఇనుముదని చెక్కలు పరిచాం. ఏసీ ఆపి చెమటలు కక్కాం. మైక్రోవేవ్ వల్లేమోనని దాని వైరు పీకేశాను. చల్లారిన పంది మాంసం, అన్నం తింటూ ఆ ఫ్లోరు మొత్తం నా వంశాన్ని తిట్టింది. ఫలితం సున్నా. రిసీవర్‌తో సహా అన్నిటినీ బల్ల మీదకి దించితే మాత్రం పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా గలగలమంటాయి. ఎక్కిస్తే మళ్ళీ మౌనం. దెయ్యం పట్టిందనుకుందామంటే, మా షిన్‌చు ఊళ్ళో ఏ దెయ్యానికీ రేడియో ఇంజినీరింగ్ రాదు.

మొక్కుబడిలో అక్క ఏ లోటూ చేయలేదు. మా దేశంలో ఏ యంత్రం మొదలెట్టినా దాని మీద కొబ్బరి రుచి చిరుతిండి పొట్లం పెడతాం, బుద్ధిగా పనిచెయ్యి తల్లీ అని. ఆ చిరుతిండి పేరుకే 'బుద్ధిగా ఉండు' అని అర్థం. ఆకుపచ్చదే పెట్టాలి, ఎందుకంటే అన్నీ బాగుంటే వెలిగేది పచ్చ దీపమే. పసుపు రంగు పొట్లం పెడితే కొంప మునుగుతుంది. దాన్ని చింపకూడదు, తినకూడదు, గడువు దాటనివ్వకూడదు. బ్యాంకుల్లోనూ పెడతారు, ఆసుపత్రుల్లోనూ పెడతారు. మొదటి రోజే అక్క రిసీవర్ మీద ఒకటి పెట్టింది. రీడింగులు తప్పడం మొదలవగానే ప్రతి సెన్సర్ మీదా ఒక్కో బుల్లి పొట్లం కూర్చోబెట్టింది. బల్ల మీదకి దించాల్సి వస్తే ముందు పొట్లాలను రెండు చేతులా తీసి పక్కన పెట్టేది.

ఆ మధ్యాహ్నం ఆమె ఒక పొట్లం తిరగేసి చూసి కెవ్వుమంది.

"ఒరేయ్ కాయ్! గడువు నిన్నటితో అయిపోయిందిరా! ఇంకేం పలుకుతాయి? అలిగి కూర్చున్నాయి!"

"ఇన్నాళ్ళూ గడువులో ఉన్నప్పుడు పలికి చచ్చాయా అక్కా?"

"నోర్ముయ్. పాపం తగుల్తుంది."

పొట్లాలన్నీ సంచిలో వేసుకుని కింది షాపుకి పరిగెత్తింది. పసుపువి తప్ప లేవన్నారట. ఉసూరుమంటూ పైకొచ్చి హెల్మెట్ తీసుకుని, స్కూటర్ మీద ఊరు మీద పడింది.

నేను ఒంటరిగా స్క్రీను ముందు మిగిలాను. ఒక సెన్సర్ పలికింది. ఇంకోటి పలికింది. కాసేపటికి వరసంతా పచ్చగా వెలిగింది, ఒక్కటి కూడా తప్పకుండా. నాకు సంతోషం కాదు, భయమేసింది. ప్రోగ్రాం ఆపి మళ్ళీ మొదలెట్టాను. అయినా పచ్చే. ఇన్నాళ్ళూ కాళ్ళావేళ్ళా పడితే వినని పీనుగలు ఇవాళ ఎవరూ అడక్కుండానే ఎందుకు పలుకుతున్నాయి?

అక్క వచ్చేసరికి గాలికి జుట్టంతా రేగిపోయి ఉంది. స్క్రీను చూసి చేతిలో సంచి గుండెకు హత్తుకుంది.

"చూశావా! పాతవి తీయగానే కోపం తగ్గింది! ఉండు, కొత్తవి పెట్టేస్తా."

ఒకటి పెట్టింది. ఆ సెన్సర్ మాయమైంది. రెండోది పెట్టింది. అదీ పోయింది.

"ఆగక్కా! తియ్యి దాన్ని."

తీసింది. కాసేపటికి వచ్చింది.

"మళ్ళీ పెట్టు."

పోయింది. ఇద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. నేను ఆమె చేతిలోంచి పొట్లం లాక్కున్నాను.

"వద్దురా, చింపకు! నీకు దణ్ణం పెడతా!"

చింపేశాను. లోపలంతా తళతళా వెండి పూత. అది చిప్స్ పొట్లంలా ఉంటుందని ఊళ్ళో ఎవరికి తెలియదు? నాకు తెలుసు, అక్కకీ తెలుసు. కానీ దేవుడి దీపం ఎంత పొగ వదులుతోందని ఎవరు చూస్తారు?

"లోహం," అంది అక్క. "యాంటెన్నాకి వేలెడు దూరంలో లోహం ఉండకూడదని అందరికీ చెప్పేది నేనేరా. నేనే తీసుకెళ్ళి దాని నెత్తిన పెట్టాను. నా బిడ్డ నోరు నా చేత్తోనే నొక్కాను."

కూలబడి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, కానీ నవ్వు కూడా ఆగలేదు. ఎవరైనా చూస్తే ఇద్దరికీ మతి పోయిందనుకునేవారు.

"పలుకుతున్నాయి కదక్కా, అది చాలు," అన్నాను. "ఎందుకు పలికాయో సార్‌కి చెప్పకు. బోర్డు గీసిన మనిషే ఇలా చేసిందంటే నిన్ను ఆ కుర్చీలో ఉండనిస్తాడా?"

అక్క మొహం తుడుచుకుంది.

"ఆ ఆర్కిడ్ల ఆయన ఏ దేశపోడనుకున్నావు? చెప్పకపోతే షెడ్డులో ప్రతిదాని మీదా తనూ ఒక పొట్లం పెడతాడు."

ఆమె తిన్నగా మేనేజర్ గదిలోకి వెళ్ళింది. వెనకే నేనూ వెళ్ళాను. ఉన్నదున్నట్టు చెప్పేసింది. చ్వాంగ్ కంప్యూటర్ మీద కూడా ఒక పచ్చ పొట్లం ఉంది. దానికేసి ఒకసారి, అక్కకేసి ఒకసారి చూశాడు. ఆయన కోప్పడితే బాగుండుననిపించింది.

చివరికి గొంతు తగ్గించి, నిజంగానే భయపడుతూ అడిగాడు.

"పొట్లం లేకుండా పంపుతామా? మరి అక్కడ దానికి దిక్కెవరు?"

"నేనే సార్," అంది అక్క.

ఆయన ఫోన్ తీసి తైనాన్ నంబర్ నొక్కాడు. పంపేది మా బోర్డేనని, దాన్ని బిగించడానికి బి-యున్ స్వయంగా వస్తుందని చెప్పాడు.