లిఫ్టులో కొట్టుకున్న గుండె

పొద్దున్నే డ్రైవరమ్మకి వేళ్లు ముడుచుకుపోయి ఉండేవి. వేణ్ణీళ్ల గిన్నెలో చేతులు పెట్టుకుని కూర్చుంటే కాసేపటికి ఒక్కో వేలూ దారికొచ్చేది. ఈలోపు మొగుడు వెనక నిలబడి ఆమెకు జడ వేసేవాడు. బేకరీలో రొట్టెపిండి మెలిపెట్టే చెయ్యి కాబట్టి జడ బిగువుగా కుదిరేది.

"ఇంకా తెమల్లేదా? ఆ మిల్లు ఆడవాళ్లు రోడ్డు మీద నిలబడి నన్ను తిట్టుకుంటారు, కోడల్ని కదలనివ్వడం లేదని" అంటూ అత్తగారు ఇద్దర్నీ గుమ్మం దాటించేది.

మిల్లు వాళ్ల చిన్న బస్సు నడపడం డ్రైవరమ్మ పని. ఆమెకు లూపస్. జబ్బులతో పోరాడాల్సిన ఒళ్లు తన మీదే తాను కత్తి దూసే జబ్బు. కీళ్ల నొప్పులు, బుగ్గల మీద ఎర్రటి మచ్చ, ఎండ తగిలితే మంట. అందుకే ఏ కాలమైనా పొడుగు చేతుల చొక్కా వేసుకునేది. నీరసంగా ఉంటే "మన చుట్టం వచ్చింది" అని నవ్వేసేది.

వాళ్లుండే భవనంలో లిఫ్టు పాతకాలంది. చుట్టూ మెట్లు, మధ్యలో ఇనప గ్రిల్లు, లోపల ఒకే ఒక బల్బు. లిఫ్టులో ఎవరెక్కితే వాళ్ల గుండెతో పాటు ఆ బల్బు కొట్టుకునేది. రెండో అంతస్తు కొత్త జంట ఎక్కితే అది దడదడలాడిపోయేది. మెట్ల మీద వెళ్లేవాళ్లు మొహాలు తిప్పుకుని నవ్వుకునేవాళ్లు. రిటైరైన డ్రిల్లు మాస్టారు ఎక్కితే తాపీగా వెలిగి తాపీగా తగ్గేది. ఆయన దాన్ని చూపించి అందరికీ వ్యాయామం మీద క్లాసు పీకేవారు. ఓసారి మెకానిక్కు బల్బు మార్చాడు. కొత్తదీ అంతే. "గ్రీజు పెట్టానండీ, ఇంకేం ఫరవాలేదు" అని స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

డ్రైవరమ్మ వేళ్లకి గ్రిల్లు తలుపు లాగేంత పట్టు లేదు. అందుకని పొద్దున దిగేటప్పుడూ, సాయంత్రం బేకరీ దగ్గర కలుసుకుని తిరిగొచ్చేటప్పుడూ మొగుడు పక్కన ఉండాల్సిందే. ఇద్దరి గుండెలూ కలిసి బల్బులో వెలుగుతుంటే ఏది ఎవరిదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఒకరోజు దిగుతుండగా బల్బు తడబడింది. గబగబా నాలుగైదు సార్లు వెలిగి, కాసేపు మసకేసి, మళ్లీ పరుగందుకుంది. ఇద్దరూ తలలెత్తి చూశారు. తర్వాత డ్రైవరమ్మ చూపు మెల్లగా మొగుడి బొజ్జ మీదికి దిగింది.

"మీదే" అంది, మొహం పాలిపోయి.

"నాదే అయ్యుంటుంది" అన్నాడతను. మిగిలిపోయిన క్రీము బన్నులన్నీ తినే మనిషికి ఇంకెవరి మీద అనుమానం వస్తుంది?

మధ్యాహ్నానికి భవనమంతా పాకింది. అత్తగారు కొడుకు చెయ్యి పట్టుకుని వదల్లేదు. డ్రిల్లు మాస్టారు సిగరెట్లు లాక్కున్నారు. ఆస్పత్రిలో అతన్ని పరుగెత్తించారు, రక్తం తీశారు, ఛాతీకి తీగలు తగిలించారు. చివరికి డాక్టరు కాగితం మడిచి, "గుండె బ్రహ్మాండంగా ఉంది. బరువు తగ్గండి చాలు" అంది. అత్తగారు ఒప్పుకోలేదు. వేరే ఆస్పత్రికి రాసిమ్మంది. బేకరీ ఆయనకు లోపల కాస్త చిన్నతనమనిపించింది కూడా, ఇంతమందిని కంగారు పెట్టి ఏమీ లేకుండా ఇంటికి రావడం.

ఆటోలో డ్రైవరమ్మకి కళ్లు తిరిగాయి. "పొద్దుట్నించీ ఏమీ తినలేదుగా" అంది తనే. ఎవరూ రెండో మాట అడగలేదు.

భవనం కింద డ్రిల్లు మాస్టారు కాపు కాసి ఉన్నారు. "ఇవాళ్టి నుంచి నీకు లిఫ్టు లేదు. పద నాతో, మెట్లెక్కుదువుగాని."

బేకరీ ఆయన పెళ్లాన్ని లిఫ్టులో ఎక్కించి, గ్రిల్లు తనే లాగి, బయట నుంచి చెయ్యి దూర్చి నాలుగో అంతస్తు మీట నొక్కాడు. అత్తగారు మందులషాపు దగ్గర ఆగిపోయింది. డ్రైవరమ్మ ఆ లిఫ్టులో ఒంటరిగా ఎక్కడం అదే మొదలు.

మెట్ల మీద అతను రొప్పుతూ ఎక్కుతుంటే పక్కనే గ్రిల్లు వెనక లిఫ్టు పైకి పాకుతోంది. బల్బు తడబడింది. గబగబా వెలిగింది. మసకేసింది. మళ్లీ పరుగు.

అతను మెట్టు మీద ఆగిపోయాడు. చెయ్యి తన ఛాతీ మీద పెట్టుకున్నాడు. అది లయ తప్పకుండా దబదబమని కొట్టుకుంటోంది.

"మాస్టారూ, నేనిక్కడున్నాను కదా?"

"ఇక్కడే ఉన్నావు. నడువు."

"మరి అది ఎవరిది?"

మాస్టారు తల తిప్పి గ్రిల్లు లోపలికి చూశారు. అంతలో బల్బు ఆరిపోయింది. మళ్లీ వెలగలేదు. చీకటి పెట్టెలా లిఫ్టు వాళ్లను దాటుకుని పైకి వెళ్లిపోయింది.

ఆ బరువైన మనిషి మిగతా మెట్లు ఎలా ఎక్కాడో అతనికే తెలీదు. గ్రిల్లు లాగేసరికి డ్రైవరమ్మ లోపల మూలకి ఒరిగిపోయి ఉంది, జడ మొహం మీద పడి. అతను బయటే మోకాళ్ల మీద పడి, లోపలికి చేతులు చాచాడు. భుజాలు పట్టుకున్నాడు. పైన బల్బు ఒక్కసారి మిణుక్కుమంది. ఆగింది. ఇంకోసారి. తర్వాత వరసగా వెలగడం మొదలుపెట్టింది.

ఆమె కళ్లు తెరిచింది. "ఇల్లొచ్చిందా? కునుకు పట్టేసినట్టుందండీ."

అతను మెట్ల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మందుల పొట్లంతో పైకొచ్చిన అత్తగారు సంగతి విని కోడలి చెయ్యి అందుకుంది. "పొద్దుట్నించీ నేను వాడి చెయ్యి పట్టుకుని కూర్చున్నానే" అంది, ఎవరితోనో తెలీకుండా.

మళ్లీ అదే ఆస్పత్రి, అదే డాక్టరు. తీగలు తగిలించి చూస్తే అప్పటికి గుండె బుద్ధిగా కొట్టుకుంటోంది.

"లిఫ్టులో బల్బు ఆరిపోయిందండీ" అన్నాడు బేకరీ ఆయన.

"ఎంతసేపు?" అంది డాక్టరు, రాసుకుంటూ.

"మూడో అంతస్తు దగ్గర్నుంచి నేను వెళ్లి గ్రిల్లు తీసేదాకా."

డాక్టరు పెన్ను ఆపింది. "నీకు ఇంతకుముందు జబ్బులేమైనా ఉన్నాయామ్మా?"

"లూపస్. అది మామూలేలెండి, కీళ్లకి."

"కీళ్లతో ఊరుకుంటుందని ఎవరు చెప్పారు నీకు? గుండెకి కరెంటు తీగల్లాంటివి ఉంటాయి. కొట్టుకోమని కబురు తీసుకెళ్లేవి. కొందరిలో ఈ వాపు వాటినీ పట్టుకుంటుంది. అప్పుడు గుండె గతి తప్పుతుంది, ఒక్కోసారి ఆగుతుంది కూడా. అందరికీ రాదు. వచ్చినవాళ్లేమో నీరసమనుకుని సరిపెట్టుకుంటారు."

డ్రైవరమ్మ తన చొక్కా చేతుల్ని కిందికి లాక్కుంది. ఇన్నేళ్లుగా ఒంట్లో ఉన్న జబ్బు, తనకు తెలియకుండా ఇంకో గదిలో కాపురం పెట్టిందన్నమాట.

గుండె ఎప్పుడెలా కొట్టుకుందో డాక్టరుకు పంపే అగ్గిపెట్టంత పరికరం ఛాతీకి అంటించి, బస్సు ముట్టుకోవద్దని చెప్పి పంపారు. మిల్లు వాళ్లు ఇంకో డ్రైవర్ని పెట్టుకున్నారు. ఆమె ఇంట్లో బఠాణీలు వలుస్తూ, కిటికీలోంచి కనిపించే ప్రతి బస్సు డ్రైవర్నీ తిడుతూ కూర్చుంది.

వారం తిరగకముందే డాక్టరు ఫోను చేసింది. "ఎక్కడున్నావు? నిలబడి ఉంటే కూర్చో. మంగళవారం పొద్దున ఏం చేస్తున్నావు నువ్వు?"

"మంగళవారమా... సోఫాలో కాస్త కునుకు తీశానండీ. ఏం?"

"అది కునుకు కాదు. ఎనిమిది దాటాక నీ గుండె ఆగింది. లిఫ్టులో కంటే ఎక్కువసేపు. ఇప్పుడే బయల్దేరి రా."

ఎనిమిది దాటాక. ఆ వేళకి బస్సు ఫ్లైఓవర్ మీద నుంచి దిగుతూ ఉంటుంది. నిండా మనుషులు. నిలబడ్డవాళ్లు కూడా ఉంటారు. డ్రైవరమ్మ ఫోను పెట్టేసింది. కాళ్ల కింద నేల వాలిపోతున్నట్టుంది. కుడికాలు తనంతట తనే నేలని గట్టిగా నొక్కింది, బ్రేకు కోసం. అత్తగారు ఏమైందని ఎన్నిసార్లు అడిగినా ఆమె ఆ కాలు తియ్యలేదు.

ఆ సాయంత్రమే మెడ ఎముక కింద చిన్న యంత్రం పెట్టారు. గుండె మరిచిపోయినప్పుడు అది గుర్తు చేస్తుంది. లూపస్ మందులు కూడా మార్చారు. బస్సు సంగతి తర్వాత చూద్దామంది డాక్టరు.

ఇంటికొచ్చాక ఒక ఆదివారం మిల్లు ఆడవాళ్లు చూడ్డానికొచ్చారు. గది పట్టనంతమంది. సోఫా చేతుల మీదా, కిటికీ అరుగు మీదా, గుమ్మంలోనూ కూర్చున్నారు. కొత్త డ్రైవరు బ్రేకు వేస్తే పేగులు నోట్లోకొస్తున్నాయని, నువ్వెప్పుడొస్తావక్కా అని అంతా ఒకేసారి మాట్లాడారు. ఒకామెకి నెలలు నిండుతున్నాయి. ఇంకొకామె కొత్త కళ్లజోడు పెట్టుకుంది. బేకరీ ఆయన అందరికీ బన్నులు పంచుతున్నాడు. మంగళవారం గురించి వాళ్లెవరికీ తెలీదు. ఆమె ఒక్కొక్కరి మొహాన్నీ చూస్తూ కూర్చుంది.

"ఏంటక్కా, ఎప్పుడూ మమ్మల్ని చూడనట్టు అలా చూస్తున్నావు?" అంది నెలలు నిండుతున్న ఆమె.

"బస్సు అద్దంలోనే కదే మిమ్మల్ని చూసింది" అంది డ్రైవరమ్మ. "నీ బుగ్గ మీద పుట్టుమచ్చ కుడివైపు ఉంటుందనుకున్నాను."

దగ్గరికి రమ్మని, చెయ్యి చాచి, వంకర్లు పోయిన వేళ్లతో ఆ ఎడమ బుగ్గని పట్టుకుంది. వదలడానికి చాలాసేపు పట్టింది.