రోల్ నంబరు ఇరవై

నేను ఒక కుర్చీని. ఎర్రటి ప్లాస్టిక్ కుర్చీని. నేను ఈ తూముకొండవలసకి వచ్చిన రోజున ఊరు ఊరంతా బడి ముందు నిలబడి ఎదురుచూసింది. నా కోసం కాదు, రెండు ఎడ్ల కోసం.

తప్పు ఎవరిదీ కాదు. పట్నం వదిలి ఈ కొండకింద ఊరికి ఎందుకొచ్చావమ్మా అని అడిగితే, కొత్తగా వచ్చిన టీచరమ్మ దాపరికం లేకుండా చెప్పేసింది. చదువు కోసం ఎడ్యుకేషన్ లోను తీసుకున్నాననీ, పిల్లలు తగ్గిపోయి మూతపడబోతున్న ఇలాంటి బడిలో ఐదేళ్లు పనిచేస్తే ప్రభుత్వం దాన్ని మాఫీ చేస్తుందనీ, అందుకే వచ్చాననీ. బడిలో వంట చేసే గవరమ్మ చెవికి ఆ మాట పొయ్యి చిటపటల్లోంచి "ఎడ్ల లోను"గా చేరింది. పైగా టీచరమ్మ ఇంటిపేరు గేదెల. గేదెల వారమ్మాయి ఎడ్లకి అప్పు చేసిందంటే ఎవరు మాత్రం కాదంటారు? మర్నాడు టీచరమ్మ సామాను ఆటోలో వస్తోందంటే, ఎడ్లే వస్తున్నాయనుకుని జనం పలుపుతాళ్లతో సహా చేరారు. ఆటోలోంచి దిగింది నేను.

"కాళ్లు నాలుగూ సరిపోనాయి గానీ, కొమ్ములేవమ్మా?" అన్నాడు బిడ్డిక సింగన్న.

ఈ సింగన్న బడి కమిటీకి చైర్మన్. మన్ ఆయన, చైర్ నేను. నేను వచ్చేదాకా ఆ పదవి సగమే ఉండేది. టీచరమ్మ గేదెల హైమావతి నవ్వాపుకుని, ఎడ్లు కావు తాతా, చదువు అని మళ్లీ మొదట్నించి విడమరిచి చెప్పింది. పంట అప్పు మాఫీ సంగతి తెలిసిన ఊరు కనుక తొందరగానే అర్థం చేసుకుంది. పలుపుతాళ్లు చుట్టేసుకుంటూ సింగన్న, "అయితే ఐదేళ్లయితే ఎల్లిపోతావన్నమాట" అన్నాడు. హైమ టీచరు "అప్పటి సంగతి అప్పుడు తాతా" అంది. అబద్ధం చెప్పడం రానివాళ్లు ఇలాగే నసుగుతారు.

ఇక నన్ను కూర్చి నేనే నాలుగు మాటలు చెప్పుకోవాలి, మీరు కూర్చుని వినండి. అచ్చు గుద్దినట్టున్నారని మీరు పిల్లల్ని మెచ్చుకుంటారే, మేం నిజంగానే అచ్చులో గుద్దగా పుట్టినవాళ్లం. నాతోపాటు ఆ పూట మూడువందల మంది. అందరం ఒక షామియానా దుకాణానికి చేరాం. నా వీపు మీద తెల్లరంగుతో 57 అని వేశారు. పెళ్లిళ్లు చూశాను, పెద్దకర్మలు చూశాను, రెండుచోట్లా భోజనం ఆలస్యమైతే మనుషులు నా మీద ఒకేలా కదిలేవారు. రాజకీయ సభలూ చూశాను. కుర్చీ కోసం కొట్టుకునేవాళ్లని చూశాను, కుర్చీతో కొట్టుకునేవాళ్లనీ చూశాను. అలాంటి సభలోనే నా ఎడమ చెయ్యి చిట్లింది. దుకాణం యజమాని దాన్ని రాగితీగతో కుట్టి, పనికిరానివాటి గుట్టలో పడేశాడు. ఆ గుట్టలోంచి నన్ను ఏరి కొనుక్కొచ్చింది హైమ టీచరు, సొంత డబ్బుతో. బడిలో ఉన్న ఒక్కగానొక్క చెక్క కుర్చీని అప్పటికే చెదలు చదివేశాయి.

కొనడమైతే కొంది గానీ కూర్చుంటేనా! ఒకే గది, ఒకే టీచరు, అయిదు తరగతులు. ఆవిడ ఎప్పుడూ నేలమీదే, పలకల మధ్య. నా మీద గుడ్ల అట్టా, తడిసిన గొడుగూ, జ్వరం వచ్చిన ఏ పిల్లో. ఆసనం ఉన్నవాడిదే శాసనం అనుకుంటూ పెరిగినదాన్ని, మొదట్లో నాకు నామోషీగానే ఉండేది.

ఆవిడ వచ్చిననాటికి బడిలో పదకొండు మంది. మిగతావాళ్లని రోడ్డు మీద ఉన్న ప్రైవేటు బడి వ్యాను ఎత్తుకుపోయేది. పిల్లలు తక్కువైన బడిని పక్కూరి బడిలో కలిపేస్తారు. దాన్ని విలీనం అంటారు. పక్కూరికీ మాకూ మధ్య వాగుంది. వానాకాలంలో పిల్లలు విలీనమయ్యేది ఆ వాగులోనే. అందుకని ఈవిడ ఇంటింటికీ తిరిగింది. పొలాలకీ, సంతకీ పోయి తల్లుల్ని బతిమాలింది. నాలుగేళ్లలో పదకొండు కాస్తా పంతొమ్మిదయింది. పదకొండుకీ పంతొమ్మిదికీ మధ్య ఆవిడవి మూడు జతల చెప్పులు అరిగాయి.

ఇక ఆ అప్పు. రుణం అనే మాట చూడ్డానికి ఎంత సాధువుగా ఉంటుందో! ముందొక 'దా' తగిలిస్తే గానీ అసలు రూపం బయటపడదు. ఆవిడది కాంట్రాక్టు కొలువు. జీతంలో సగం బ్యాంకుకే పోయేది. హామీ సంతకం పెట్టినవాడు మేనమామ, బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి. కిస్తీ తప్పితే బ్యాంకువాళ్లు ఆయనకి ఫోను చేసేవారు. ఆయన ఈవిడకి చేసేవాడు. నా చేతిమీద చెయ్యేసి నిలబడి ఆవిడ, ఇంకొక్క ఏడాది మావయ్యా, ఇంకొక్క ఏడాది అనేది. నా చేతికున్న కుట్టుతీగని తెలియకుండానే గోటితో మీటేది.

మాఫీ అన్నది సాఫీగా జరిగితే దాన్ని పథకం అనరు. దానికో షరతుంది. ఐదేళ్లూ తెంపులేకుండా పనిచెయ్యాలి. చెప్పకుండా ఒక్కరోజు బడికి రాలేదని తేలినా, లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలు. ఆకస్మికంగా తనిఖీకి మనుషులు వస్తారు.

ఐదో ఏడు, సెప్టెంబరు. ఉపాధ్యాయ దినోత్సవం నాడు బళ్లలో స్వపరిపాలన జరుపుతారని మీకు తెలుసు. పిల్లలే టీచర్లవుతారు, పంచెలూ చీరలూ కట్టుకుని పాఠాలు చెబుతారు. ఆ అయిదో తారీకున మా వాగు పొంగి బడే తెరవలేదు. పిల్లలు ఊరుకుంటారా? పన్నెండో తారీకున జరిపి తీరాలన్నారు. అయిదో తరగతి మండంగి సుగుణ టీచరయింది. గవరమ్మ చీరని మూడు మడతలేసి, నాలుగు పిన్నీసులు గుచ్చి కట్టుకుంది. నా మీద కూర్చుంటే కాళ్లు నేలకి అందలేదు గానీ, గొంతు మాత్రం గోడలు దాటింది. ఆ పిల్ల వేసిన మొదటి ఆజ్ఞ, ఈ రోజుకి టీచరు కూడా విద్యార్థే అని.

హైమ టీచరు ముందే సిద్ధపడి వచ్చింది. యూనిఫారం గుడ్డ కొని కుట్టించుకుంది. రెండు జడలు వేసి, ఎర్రరిబ్బన్లు మడిచి కట్టింది. మనిషే పొట్టి, బక్కపలచన. ఎత్తు ప్రకారం ఆఖరి వరసలో, వెనక కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. పదమూడో ఎక్కం ఎత్తుకున్నారు, పైకప్పు రేకులు అదిరేలా.

అప్పుడొచ్చాడు తనిఖీ మనిషి. గుమ్మంలో కుక్క పడుకుని ఉంది. అది కరవదు, లేవదు, అసలు దానికి తనిఖీలంటే పట్టింపే లేదు. ఆ సంగతి ఆయనకి తెలియదు పాపం. చుట్టూ తిరిగి వెనక కిటికీ దగ్గరికి వెళ్లాడు. పిల్లలందరూ అటు వీపు పెట్టి ఉన్నారు. ఆయన్ని చూసింది మేమిద్దరమే, నేనూ సుగుణా. నాకు నోరు లేదు. సుగుణకి ఉంది గానీ, ఆవిడ టీచరు కదా! పాఠం మధ్యలో ఎవరొచ్చినా హైమ టీచరు ఏం చేస్తుందో అదే చేసింది, కాస్త ఆగండి అన్నట్టు చెయ్యి చూపించి ఎక్కం కొనసాగించింది. ఆయన ఫోనుతో ఒక ఫొటో తీసుకుని, ఆటోవాడు తొందరపెడుతుంటే వెళ్లిపోయాడు. దోమలమందు కొట్టేవాళ్ల తాలూకు మనిషేమో అనుకుంది సుగుణ. ఎక్కం అయ్యేసరికి మరిచేపోయింది.

నవంబరులో కాగితం వచ్చింది. తనిఖీ సమయానికి ఉపాధ్యాయురాలు లేరు. ఒక బాలిక కుర్చీలో కూర్చుని తరగతి నడుపుతున్నది. హాజరైన విద్యార్థులు ఇరవై మంది. కావున సేవ తెగినది, ఐదేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్కించబడును. అసలు గడువు నిండడానికి అప్పటికి నాలుగే నెలలు. హాజరు లేదన్న ఆ ఒక్క మాటతో మనిషి బేజారైపోయింది. ఆ సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక వచ్చి నా మీద కూర్చుంది. గెంతులేసే పిల్లల బరువు మోశాను గానీ అంత బరువు నేనెప్పుడూ మోయలేదు. మావయ్యకి ఫోను కలిపి, ఆయన "హలో" అనగానే, ఏమీ లేదు మావయ్యా ఊరికే చేశాను అని పెట్టేసింది.

పదిరోజులకి విచారణకి మండల విద్యాధికారి జగదీశ్వరరావు గారు వచ్చారు. ఊరంతా బడి దగ్గర చేరింది. ఆయన నా మీద కూర్చున్నారు. మంచివాళ్ల బరువు నాకు తెలుస్తుంది, సర్దుకుని కూర్చుంటారు. స్వపరిపాలన అయిదో తారీకున కదమ్మా, ఇది పన్నెండు కదా అన్నారు. ఊరివాళ్లు వాగు సంగతి చెప్పారు. హాజరు పట్టీలో ఆవిడ సంతకం చూపించారు. పిల్లలతోపాటు నేలమీదే ఉన్నానండీ అంది హైమ టీచరు. సింగన్న కొండదేవత మీద ఒట్టేశాడు.

"అమ్మా, మీరు అబద్ధమాడుతున్నారని నేననడం లేదు," అన్నారాయన. "కానీ నా చేతిలో ఫొటో ఉంది. మీ చేతిలో ఉన్నది మాటే. పై వాళ్లకి నేనేం రాయను?"

ఆయన ఇబ్బందిగా కలం మూత తీసి, కాగితంలోని సంగతులు ఒక్కోటీ పైకి చదవడం మొదలుపెట్టారు. విద్యార్థులు ఇరవై అన్న దగ్గర, వంటపాక గుమ్మంలోంచి గవరమ్మ అడ్డుపడింది.

"బాబూ, ఆ దినం నాను ఉడకెట్టింది పంతొమ్మిది గుడ్లు. ఒక్క గుంటా బడి మానలేదు, ఒక్క గుడ్డూ మిగల్లేదు. ఇరవయ్యో గుంట ఏ ఊరిదో తమరే సెప్పాలి."

గుడ్ల లెక్కకి అందరూ గుడ్లప్పగించారు. జగదీశ్వరరావు గారు హాజరు పట్టీ తిప్పారు, పంతొమ్మిది. ఫొటోలో తలలు లెక్కపెట్టారు, చీర కట్టిన పిల్లతో కలిపి ఇరవై. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టారు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆయన చూసినవి పట్టీలో ఉండి బడిలో లేని పిల్లల్ని. బడిలో ఉండి పట్టీలో లేని పిల్ల తగలడం ఇదే మొదలు.

ఆయన సుగుణని పిలిచి ఫొటో చేతికిచ్చారు. వీపులు చూసి పేర్లు చెప్పగలవా అని అడిగారు. అప్పటిదాకా ఆ పిల్ల గోడకి అంటుకుపోయి ఉంది, ఇదంతా తన చెయ్యి ఊపడం వల్లే వచ్చిందని ఎవరూ చెప్పకుండానే తెలుసుకుని. ఫొటో చేతిలో పడగానే నిటారుగా నిలబడింది.

"రోల్ నంబరు ఒకటి, ఆరిక దివాకర్."

"ప్రెజెంట్ టీచర్," అన్నాడు ముందు వరసలో దివాకర్. వాడి ప్రమేయం లేకుండానే వచ్చేసింది ఆ మాట. రెండు, మూడు, నాలుగు... చిరిగిన కాలరుని బట్టి ఒకణ్ణి, నూనె కారిన జడని బట్టి ఒకత్తిని, వంకర పాపిటని బట్టి ఇంకొకణ్ణి పోల్చుకుంటూ పోయింది. పిలిచినవాళ్లు పిలిచినట్టు పలికారు. తన నంబరు దగ్గర తానే పిలిచి తానే పలికింది. పంతొమ్మిదీ అయిపోయాయి. ఆఖరి వరసలో, కిటికీ పక్కన, ఎర్రరిబ్బన్ల జడలది ఒక వీపు మిగిలింది. మనుషులు ముఖాలు గుర్తుపడతారు, కుర్చీలం మేం వీపులే గుర్తుపడతాం. నాకు ఎప్పుడో తెలిసిపోయింది.

సుగుణ ఆ వీపు మీద వేలు పెట్టింది.

"రోల్ నంబరు ఇరవై, గేదెల హైమావతి."

గోడవార తలొంచుకుని నిలబడ్డ మనిషి దగ్గర్నించి చిన్నగా వినిపించింది.

"ప్రెజెంట్ టీచర్."

జగదీశ్వరరావు గారు ఆవిడ వంక చూశారు, పక్కన ఆవిడకి సమంగా ఉన్న అయిదో తరగతి పిల్లల భుజాల వంక చూశారు, ఫొటో వంక చూశారు. తర్వాత కాగితం ఒళ్లో పెట్టుకుని రాశారు, రాసింది పైకి చదివారు. "తనిఖీ నివేదికలో విద్యార్థులు ఇరవై మంది, ఉపాధ్యాయులు లేరు అని ఉన్నది. విద్యార్థులు పంతొమ్మిది మందే. ఇరవయ్యవ విద్యార్థిగా లెక్కించబడిన వ్యక్తి సదరు పాఠశాల ఉపాధ్యాయురాలు. కావున హాజరు."

ఆ నాలుగు ముక్కలే జిల్లాకి వెళ్లి తెగిన ఐదేళ్లనీ అతికించాయి. మార్చి ఆఖరుకి మావయ్యకి బ్యాంకు నుంచి ఆఖరి ఫోను వచ్చింది, ఇక ఫోన్లు రావని చెప్పడానికి. ఆ తర్వాత ఆవిడ బదిలీ అడగలేదా అంటే, అడిగింది. రాలేదు. రాలేదని ఏడవనూ లేదు. నాకూ ఈమధ్య ఒక కాలు విరిగింది. వంటపాక గోడకి ఆనించి నా మీద బియ్యం బస్తా పెట్టారు. బరువైన పదవే.

కానీ ఆ రోజు అవన్నీ ఎవరికి తెలుసు? వెనక నిలబడ్డవాళ్లకి ఆఫీసు తెలుగు మింగుడుపడలేదు. ఏటన్నాడు, ఏటన్నాడు అని ఒకటే గోల. సింగన్న అరుగెక్కి అందరికీ వినపడేలా చెప్పాడు.

"ఏటీ నేదు. ఆ వొచ్చినోడు మన టీచరమ్మని కూడా గుంటల్లో కలిపి లెక్కెట్టీసినాడు. ఆ ఇరవయ్యో గుంట ఈవిడే."

ఊరు ఒక్కసారిగా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ హైమ టీచరు కొంగుతో మొహం కప్పుకుంది. గవరమ్మ మాత్రం నవ్వలేదు. నడుం మీద చేతులేసుకుని, చాలా సీరియస్‌గా లెక్క చూసుకుంటోంది.

"అయితే ఆ దినం ఈ గుంటకి నాను గుడ్డెట్టనేదు. ఒకటి బాకీ పడిపోనాను," అంది.