ఉస్తాద్ ముఫీద్ మొదటి తప్పు

జాహ్లే ఊళ్ళో సగం మందికి బండి నడపడం నేర్పినవాడు ముఫీద్. అందుకే అతణ్ణి ఊరంతా ఉస్తాద్ అంటుంది. ఆ ఉస్తాద్ తాగి బండి నడుపుతూ పట్టుబడ్డాడు. అదీ పట్టపగలు, నెత్తిన డ్రైవింగ్ స్కూలు బోర్డున్న బండిలో, తన దగ్గరే నేర్చుకున్న పోలీసుకి.

తప్పంతా ఆచారానిదేనంటాడు ముఫీద్. శిష్యుడు పరీక్ష పాసైతే ఆ ఇంటివాళ్ళు గురువుగారిని కూర్చోబెట్టి ఒక గ్లాసు అరక్, అంటే సోంపు సారా, పోయడం అక్కడి మర్యాద. వద్దంటే శిష్యుణ్ణి దీవించనట్టే. ఆ శనివారం ముగ్గురు పాసయ్యారు. మూడో ఇంట్లో గ్లాసులో నీళ్ళు కలిపారో లేదో అతనికి గుర్తులేదు. మధ్యాహ్నం మూడింటికి వంతెన దగ్గర పోలీసు చెయ్యెత్తాడు.

"ఉస్తాద్, ఒకసారి ఇందులో ఊదండి."

"నేనెవరో మర్చిపోయావా?"

"ఎలా మర్చిపోతాను? సోంపు వాసన తగిలితే తాళం ముట్టుకోవద్దని చెప్పింది మీరే కదా. ఇంకొంచెం గట్టిగా ఊదండి."

బండి పోలీసుల ఆవరణలోకీ, లైసెన్సు వాళ్ళ సొరుగులోకీ వెళ్ళాయి. ముఫీద్ నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. ఇరవై ఏళ్ళలో ఆ వీధిలో అతను నడవడం చూసినవాళ్ళు లేరు. అందుకని అందరూ చూశారు.

భార్య నజ్లా అప్పటికి వెనక గదిలో పాఠం ముగిస్తోంది. స్కూల్లో రోడ్డు గుర్తులు, నియమాలు, శిక్షలు చెప్పేది ఆవిడే. చట్టం పుస్తకం ఆవిడకి కంఠతా వచ్చు. లైసెన్సు మాత్రం లేదు. పెళ్ళైన కొత్తలో అడిగితే, "ఇంటికి ఒక డ్రైవరు చాలు" అన్నాడు ముఫీద్. ఆ తరవాత ఆవిడ మళ్ళీ అడగలేదు, మర్చిపోనూ లేదు.

ఆవిడ పుస్తకం తెరవకుండానే చెప్పింది. "మొదటిసారి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. తల వంచుకుని తప్పైందంటే జరిమానా వేస్తారు, రెండు నెలలు లైసెన్సు ఆపుతారు. ఆ రెండు నెలలూ ఎవరినైనా పెట్టుకుని లాక్కొద్దాం. అబద్ధాలాడావో, అంతకంత ఆపుతారు. అప్పుడు స్కూలు మూసుకోవాల్సిందే."

"చట్టం అనేది ఎవరూ తెలియనివాళ్ళకి, నజ్లా," అన్నాడు ముఫీద్ జాలిగా. "నాకు మనుషులున్నారు."

నిజమే, మనుషులున్నారు. సిఫార్సు లేకుండా ఆసుపత్రిలో మంచం కూడా దొరకని దేశంలో ముఫీద్ ఒక్కరితో సరిపెట్టుకునే రకం కాదు. ఒక సిఫార్సు పని చేస్తుందంటే మూడు ఇంకా బాగా పని చేస్తాయని అతని లెక్క. ముగ్గురికీ ఒకే కథ చెప్తే బాగుండేది. కానీ అతను గురువు. ఏ శిష్యుడికి తగ్గ పాఠం ఆ శిష్యుడికి చెప్పడం అలవాటు.

చర్చి ఫాదర్ బషారా తాగుడంటే మండిపడతాడు. ఆయనకి దగ్గు మందు కథ చెప్పాడు. బేరూత్‌లో ఉండే రిటైరైన కర్నల్ గత్తాస్‌కి తల్లి పోయి ఏడాది కాలేదు, ఫోన్లో ఇప్పటికీ గొంతు వణుకుతుంది. ఆయనకి, "అమ్మ పోయింది కర్నల్ గారూ, ఆ దుఃఖంలో ఏం తాగానో నాకే తెలీదు" అన్నాడు. పక్కగదిలో అమ్మ వార్దె పప్పులో రాళ్ళేరుతోంది. డెబ్భై తొమ్మిదేళ్ళు. చెవులు బాగానే పనిచేస్తాయి. మూడో కథ ఎవరికి చెప్పాడో మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

గురువారం పూలదుకాణం బండి గుమ్మం ముందు ఆగింది. మనిషంత ఎత్తున తెల్ల పూల చక్రం, దానికి నల్ల పట్టీ, పట్టీ మీద బంగారు అక్షరాలు. తలుపు తీసింది వార్దె.

"దివంగత వార్దె గారికి కర్నల్ గత్తాస్ కన్నీటి నివాళి," అని కూడబలుక్కుని చదివింది. "నజ్లా, ఇటు రావే. నేనెప్పుడు పోయాను?"

"మొన్న మంగళవారం అనుకుంటా అత్తయ్యా. మీ అబ్బాయి ఫోన్లో చెప్తుంటే విన్నాను."

"బాధపడకుండా పోయానా?"

"చాలా ప్రశాంతంగా."

వార్దె పట్టీని జాగ్రత్తగా విప్పి, మడిచి, చేతిసంచిలో పెట్టుకుంది. పూలు మేరీమాత పటానికి పెట్టింది. ముఫీద్ ఇంటికొచ్చి పూలెక్కడివని అడిగితే, "నీ శిష్యులు పంపారు" అంది.

విచారణ రోజు పొద్దున కాఫీ దగ్గర బయటపడింది మూడో కథ. ఎమ్మెల్యే ఆఫీసు మనిషికి ముఫీద్, బండి నడిపింది తన భార్య అని చెప్పాడట.

"నువ్వు ఔనంటే చాలు," అన్నాడు. "ఆడవాళ్ళ మీద జడ్జి కఠినంగా ఉండదు. అసలే ఆవిడా ఆడమనిషే."

"నాకు లైసెన్సు లేదు ముఫీద్."

"అదే కదా! నీ దగ్గర లాక్కోడానికి ఏముంది?"

నజ్లా కప్పు కింద పెట్టింది. ఇన్నేళ్ళ కాపురంలో తనకి లైసెన్సు లేకపోవడం ఇంట్లో ఎవరికైనా ఉపయోగపడటం ఇదే మొదటిసారి అనుకుంది. లేచి కప్పులు కడగడానికి వెళ్ళింది. దాన్ని ముఫీద్ ఒప్పుకోలు కింద జమకట్టాడు.

వార్దె తానూ వస్తానంది. తలకి నల్ల గుడ్డ చుట్టుకుని టాక్సీలో ముందు సీట్లో కూర్చుంది. పెద్దావిడ పక్కనుంటే గౌరవంగా ఉంటుందని ముఫీద్ సంతోషించాడు. కర్నల్ సంగతి అతనికి ఆ క్షణాన తట్టలేదు.

జడ్జి అద్దాలు సవరించుకుని ముందున్న చిన్న కాగితాల్ని పేకముక్కల్లా పరిచింది.

"ఉస్తాద్ ముఫీద్, హత్య కేసుకి కూడా నాకిన్ని ఫోన్లు రాలేదు. ఫాదర్ బషారా లెక్కన మీరు తాగింది దగ్గు మందు. కర్నల్ గత్తాస్ గారి లెక్కన అరక్కే, కానీ తల్లి పోయిన దుఃఖంలో తాగారు. ఎమ్మెల్యే ఆఫీసు లెక్కన మీరసలు నడపనే లేదు, నడిపింది మీ భార్య. ఈ మూడింట్లో మీకు ఏది కావాలి?"

ముఫీద్ నోరు తెరిచాడు. మూడింట్లో ఏది చవకో లెక్క వేసుకున్నాడు. తిరిగి భార్య వైపు చూశాడు.

"నజ్లా గారూ, బండి నడిపింది మీరేనా?" అని అడిగింది జడ్జి.

నజ్లా లేచి నిలబడింది. ఔనంటే తాను నేరస్తురాలు. కాదంటే స్కూలూ, ఆ స్కూలు మీద బతికే ఇల్లూ పోతాయి. ముఫీద్ కళ్ళు పెద్దవి చేసి తలాడిస్తున్నాడు. శిష్యుడికి ఎడమకి తిప్పమని సైగ చేసేటప్పుడు ఆడించినట్టే.

"కాదు మేడమ్. ఆ వేళకి నేను పద్దెనిమిది మందికి 'ఆగుము' గుర్తు చెప్తున్నాను. నాకు లైసెన్సు లేదు."

"నియమాలు నేర్పే మీకు లైసెన్సు లేదా?"

"ఇంటికి ఒక డ్రైవరు చాలన్నారు మేడమ్."

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే వార్దె కర్ర ఊతగా లేచింది.

"చనిపోయింది నేనేనమ్మా," అంటూ సంచిలోంచి నల్ల పట్టీ తీసి జడ్జి బల్ల మీద పరిచింది. "అక్షరాలు బాగా కుట్టారు. కర్నల్ గారికి నా తరఫున థాంక్స్ చెప్పండి. దగ్గు మందు సంగతి నాకు తెలీదు. మా ఇంట్లో ఎవరికీ దగ్గు లేదు."

జడ్జి తల వంచి పట్టీ చుట్టడం మొదలుపెట్టింది. నవ్వాపుకోడానికని నజ్లాకి అర్థమైంది.

"తల వంచుకుని వచ్చుంటే రెండు నెలలు ఆపి పంపేదాన్ని," అంది చివరికి. "మొదటి తప్పు కదా. కానీ మీకోసం ముగ్గురు పెద్దమనుషులు మాట్లాడారు, వాళ్ళ మాట వట్టిపోకూడదు. మనిషికి రెండు నెలలు. ఆరు. జరిమానా వేరే. బండి తీసుకెళ్ళొచ్చు, లైసెన్సు ఉన్నవాళ్ళు నడిపితే. స్కూల్లో పాఠాలు చెప్పుకోవచ్చు. బండి నేర్పాలంటే మాత్రం లైసెన్సున్న మనిషిని చూసుకోండి."

పోలీసుల ఆవరణలో బండి దుమ్ము కొట్టుకుని ఉంది. బోర్డు మీద పావురం రెట్ట. తాళం పట్టుకుని నిలబడ్డది ఆ రోజు ఊదించిన పోలీసే.

"ఎవరు నడుపుతారు ఉస్తాద్?"

ముఫీద్ ఫోను తీశాడు. ఎవరికి చెయ్యాలో తోచక మళ్ళీ జేబులో పెట్టాడు.

వార్దె మళ్ళీ సంచి తెరిచింది. ఈసారి వచ్చింది పాత తోలు కవరు, అందులో లైసెన్సు. స్కూలు పెట్టిన భర్తకి మొదటి శిష్యురాలు ఆవిడే. గడువు తీరినప్పుడల్లా మార్పించుకుంటూ, కళ్ళ పరీక్షకి కూడా వెళ్ళొస్తూ ఉంది. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు. పోలీసు అటూ ఇటూ తిప్పి చూశాడు. గడువు ఇంకా ఉంది.

"అమ్మా, నీకు పిచ్చెక్కిందా?"

"నేను పోయానుగా నాయనా, ఇంక భయమేముంది? వెనక కూర్చో. బెల్టు పెట్టుకో. నజ్లా, నువ్వు ముందు కూర్చుని కళ్ళప్పగించి చూడు. రేపట్నించీ నేర్చుకునేది నువ్వే."

బండి కదిలింది. మొదటి మలుపులో చెత్తడబ్బా, రెండో మలుపులో గొర్రె తప్పించుకున్నాయి. వెనక నుంచి ముఫీద్, "గేరు! గేరు! కుడి చూడు! అమ్మా, బ్రేకు!" అని అరుస్తూనే ఉన్నాడు. వంతెన దగ్గర ఎదురుగా ట్రక్కు వస్తోంది.

నజ్లా కాలికి ఏదో తగిలింది. గురువుగారి కోసం ఈ వైపు కూడా ఒక బ్రేకు ఉంటుందని ఆవిడ ఏళ్ళుగా బోర్డు మీద బొమ్మ గీసి చెప్తూనే ఉంది. కాలు పెట్టడం ఇదే మొదలు. మెల్లగా, పాఠంలో చెప్పినంత మెల్లగా, నొక్కింది.

బండి ఆగింది. ట్రక్కు వెళ్ళిపోయింది. వెనక సీట్లో అరుపు కూడా ఆగింది.

"చూశావా," అంది వార్దె, మళ్ళీ గేరు వేస్తూ. "వాడి నోటికన్నా నీ కాలు నయం."