మసి పడ్డ దుప్పట్లు

నిన్నటి నుంచి న్యూ ఆర్లియన్స్ చర్చి గంటలు ఆగకుండా మోగుతున్నాయి. మా దక్షిణాది దొరలతో యుద్ధం చేస్తున్న ఉత్తరాది వాళ్ల ఓడలు, నది దిగువన ఉన్న రెండు కోటల్నీ దాటేశాయట. ఊళ్లో ఎవరికీ కాలు ఒకచోట నిలవడం లేదు. నాకు మరీను.

మా యజమానురాలు మదాం వెర్షేర్ మధ్యాహ్నం రైలుకి జాక్సన్‌లో అన్నగారింటికి పారిపోతోంది. పెట్టెలతో పాటు నన్నూ తీసుకుపోతుంది. కొనుక్కున్న చాకలిదాన్ని కదా, అడిగేదేముంది? నా మొగుడు నార్సిస్ వేరే దొర సొత్తు, రేవులో పీపాలు చేస్తాడు. నేను రైలెక్కితే మళ్లీ ఒకరి మొహం ఒకరం చూడం. ఓడలొచ్చేదాకా ఆవిణ్ని ఆపగలిగితే చాలు, ఇక ఊరు దాటలేదు, బానిసల మీద దొరల పట్టూ జారిపోతుంది.

అమ్మగారికి ఒక పట్టింపుంది. వాళ్లమ్మ కుట్టుపని చేసిచ్చిన పన్నెండు తెల్ల దుప్పట్లు లేకుండా గడప దాటదు. వాటిని తడిగా పెట్టెలో పెట్టనివ్వదు. బూజు పడుతుందని పదిహేనేళ్లుగా తిట్టి తిట్టి నాకు నేర్పింది.

శత్రువుకి దక్కకూడదని రేవుగట్టు మీద దొరలు పత్తి బేళ్లు తగలబెడుతున్నారు. పొద్దున ఆ మసి ఎగిరొచ్చి ఆరేసిన దుప్పట్ల మీద పడింది. ఉతికి మళ్లీ ఆరేశాను. రెండోసారి గాలి మళ్లింది, మసి రాలేదు. పొయ్యిలో చెయ్యి పెట్టి నేనే రాశాను.

"ఇంకా ఆరలేదుటే జబెత్?"

"మళ్లీ మసి పడిందమ్మగారూ. పత్తి తగలబెట్టమని నేను చెప్పానా?"

"నోరు ఎక్కువైంది నీకు! ఒంటిగంటకి బండొస్తుంది. అప్పటికి పెట్టెలో ఉండాలి."

అంతలో పెరటి గేటు దగ్గర నార్సిస్ రొప్పుతూ ఆగాడు. ఒళ్లంతా చెరకు పాకం.

"నేను చేసిన పీపాలు నాచేతే పగలగొట్టించాడే మా దొర! వీధంతా పాకం, జనం బకెట్లతో ఎత్తుకుపోతున్నారు."

"అది సరే, ఓడలేవీ?"

"నది వంపు దగ్గర పొగ కనిపిస్తోంది. ఇంకో గంట. అందాకా మీ అమ్మగారిని ఆపగలవా?"

"ఆపుతాను, నువ్వు పో" అన్నాను. ఆపగలనని నాకే నమ్మకం లేదు.

ఒంటిగంటకి బండీ వచ్చింది, జడివానా వచ్చింది. అమ్మగారు గొడుగేసుకుని పెరట్లోకి వచ్చింది.

"బూజు పడితే పడనీ. తడివే మడిచెయ్, పోదాం."

నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడే ఒక దుప్పటి లాగింది. దాని మీద అయిదు వేళ్ల మచ్చ, వానకి కారుతూ.

"నీ చేతులు చూపించు."

చూపించాను. చెంప ఛెళ్లుమంది. నొప్పి కూడా తెలియలేదు, చెవులు రేవు వైపే ఉన్నాయి.

"ఓడలు! ఓడలొచ్చేశాయి!" అని బండివాడు అరిచాడు. మా కోసం ఆగకుండా బండి తిప్పుకుని పోయాడు. నది గట్టుదాకా పొంగి ఉంది. ఓడలు మా వీధికంటే ఎత్తున నిలబడ్డాయి, ఫిరంగులు మా ఇళ్ల మీదికి చూస్తున్నాయి.

అమ్మగారి గొడుగు జారిపోయింది.

"తెల్లగుడ్డ! బాల్కనీకి తెల్లగుడ్డ కట్టవే, లేకపోతే కాలుస్తారు!"

"తెల్లది ఎక్కడుందమ్మగారూ? పన్నెండూ మసే."

ఆవిడ చూపు నా తెల్ల తలగుడ్డ మీద పడింది. మిగతా బట్టలన్నీ పెట్టెల్లో తాళం పడ్డాయి, చేతికందేవాటిలో మసి అంటని గుడ్డ అదొక్కటే.

"అది ఇయ్యి."

"ఇది నాది."

ఆ మాట నా నోటినుంచి వచ్చిందంటే నాకే ఆశ్చర్యం వేసింది. ముడి బిగించుకుని వానలోనే రేవు దారి పట్టాను. వెనక నుంచి ఆవిడ పిలుస్తూనే ఉంది. పదిహేనేళ్లలో మొదటిసారి "వస్తున్నా అమ్మగారూ" అనలేదు.